చలిదినములలో జిగురుసాన

ఏజెన్సీ కొండలలో మార్గశిర పుష్యమాసములు రైతునకు తీరికలేని దినములు. పల్లపు మడులలో వరికోతయు నూర్పును, మిట్టలమీద కాఫీపండ్ల యేఱుటయు ఒక్కమాఱే వచ్చి పైనబడును. ఆ పని ముగిసిన పిమ్మట కాఫీమొక్కలకు కొమ్మలు కత్తిరింపవలెను. ఇన్ని పనులకును ముందుగ కావలసినది పదునైన పనిముట్టు. మొద్దుబారిన కత్తెర కొమ్మను కోయదు, నలుపును. నలిగిన బెరడు త్వరగా మానదు. మానని గాయమున తెగులు చేరును. మొద్దుకొడవలి పట్టినవాడు దినమంతయు శ్రమపడియు సగము పని మాత్రమే చేయును. పదును లేకపోవుటచే కలుగు నష్టము ఏ లెక్కపుస్తకములోను కనబడదు గాని, ప్రతి యేడును మన చేతిలోనుండి పోవుచునే యున్నది.

ఈ నష్టమును తగ్గించుకొనుటకై మన సభ్యులలో కొందఱు చిన్న విద్యుత్ సానయంత్రములను కొని, ఇంటి వసారాలోనో, పశువుల కొట్టమున ఒక మూలనో అమర్చుకొనియున్నారు. అది మంచిపనియే. కాని వారిలో అనేకులు చెప్పుకొను చిక్కు ఒకటి కలదు. “ఎండకాలమున చక్కగ పనిచేసిన జిగురుచక్రము చలికాలమున పెచ్చులుగా ఊడిపోవుచున్నది. రవ చెడ్డదా, జిగురు కల్తీయా?” అని వారు నన్ను ప్రశ్నించుచుందురు. రవయు చెడ్డది కాదు, జిగురును కల్తీ కాదు. చలిలో జిగురును నడుపుకొను విధము తెలియకపోవుటయే దీనికి కారణము. ఆ విధమును వివరించుటకే ఈ వ్యాసము.

1. జిగురుసాన యనగా నేమి?

పనిముట్టునకు రూపు దిద్దుటకు రాతిచక్రము కావలెను. రాతిచక్రము దిద్దిన యంచు గరుకుగా నుండును. ఆ గరుకును తీసి, తుప్పును తుడిచి, అంచును నున్నగ చేయుటకు మెత్తని చక్రముమీద గట్టి రవను అంటించి వాడుదురు. చక్రము తోలుతోనో, ఒత్తుగా అదిమిన ఉన్నితోనో, కుట్టిన గుడ్డపొరలతోనో చేయబడినది. రవను చక్రమునకు పట్టియుంచునది జిగురు. ఇట్టి చక్రమునే ఈ వ్యాసమున జిగురుసాన యనుచున్నాను.

రవలలో మనకు పూర్వమునుండి తెలిసినది కురువిందము. కాఠిన్యమున వజ్రమునకు 10 అంకెలు వేసినచో కురువిందమునకు 9, మామూలు ఇసుకలోని పలుగురాతికి 7 వేయుదురు. ఇంగ్లీషువారు దీనిని కొరండము అందురు. ఆ మాటకు మన దక్షిణదేశభాషలలోని కురుందము, కురువిందము అను మాటలే మూలము. అనంతపురము సీమలో ఈ రాయి దొరకును. మన సానవారు పూర్వము కురువిందపు పొడిని లక్కతో కలిపి సానచక్రములు చేసికొనెడివారు. నేడు అంగళ్లలో దొరకునవి ఎక్కువగా కొలిమిలో చేసిన కురువిందమును, 1891లో అమెరికాదేశమున ఎడ్వర్డు అచిసన్ కనిపెట్టిన సిలికాన్ కార్బైడును. పనివారు ఈ రెండవదానిని కార్బొరండము అందురు. మన పనికి రెండును తగినవే.

లక్కకును జిగురునకును ఒక భేదము కలదు. లక్క వేడికి లొంగును, నీటికి లొంగదు. జిగురు వేడికిని లొంగును, నీటికిని లొంగును. ఈ రెండు బలహీనతలు తెలిసినవానికి జిగురు నమ్మకమైన సేవకుడు. తెలియనివానికి పనిచెడగొట్టు సేవకుడు.

2. జిగురు చలిలో ఏల మొరాయించును?

వడ్రంగులు కుండలో కాచి వాడునది పశువుల తోళ్లను, ఎముకలను ఉడికించి తీసిన జిగురు. ఉర్దూ మాటలాడు పనివారు దీనిని సరేషు అందురు. తోలులోని సన్నని పోగులు నీటిలో ఉడికి విడివడగా వచ్చిన పదార్థమిది. వెచ్చగా నున్నంతసేపు ఆ పోగులు నీటిలో విడివిడిగా తిరుగాడుచుండును; అప్పుడు జిగురు తేనెవలె పాఱును. వేడి ఇంచుమించు 30 డిగ్రీలకు తగ్గినప్పుడు ఆ పోగులు మరల ఒకదానినొకటి పెనవేసికొని, నీటిని తమలో బంధించి, తాటిముంజవలె ముద్దకట్టును. ఇక్కడను, ముందును చెప్పు డిగ్రీలన్నియు సెంటీగ్రేడు లెక్కలోనివే.

అంటుకొనుట యనగా నేమో కొంచెము యోచింపుడు. జిగురు పలుచగా నున్నప్పుడే తోలు రంధ్రములలోనికి దిగి, రవగింజల చుట్టును వ్యాపించును. దిగిన పిమ్మట ముద్దకట్టి, ఆఱి, రాయివలె బిగిసినచో ఆ పట్టు గట్టిది. దిగకముందే ముద్దకట్టినచో జిగురు తోలుపైన దుప్పటివలె పఱచుకొనియుండునే గాని వేళ్లు తన్నదు. పైకి రెండును ఒకే విధముగ కనబడును. చక్రము గిఱ్ఱున తిరిగి పనిముట్టు ఒఱసికొన్నప్పుడే ఏది వేళ్లు తన్నినదో, ఏది తన్నలేదో బయటపడును.

మైదానపు గ్రామములలో వేసవినాడు కొట్టములోని గాలి 35 డిగ్రీలకు పైగా నుండును. కావున కుండనుండి తీసిన జిగురు చక్రముమీద చాలసేపు పలుచగనే యుండును. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి సుమారు 1,000 మీటర్ల యెత్తున నున్నది. దానికి కొర్రబయలు అను పేరును కలదు. బయట పరుండినవాడు కొయ్యవలె బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. అచట చలికాలపు వేకువను వేడి సున్న డిగ్రీల దరిదాపునకు దిగును. అట్టిచోట కుంచెను కుండనుండి చక్రమునకు తెచ్చులోపలనే జిగురు ముద్దకట్టుటలో వింతయేమున్నది? మైదానములో సైతము పుష్యమాసపు ఉదయమున 15, 20 డిగ్రీలుండుట కద్దు. కావున ఈ చిక్కు కొండలవారిది మాత్రమే కాదు.

3. నేను చేసిన పొరపాటు

ఇతరులకు చెప్పుటకు ముందు నా పొరపాటును చెప్పుకొనుట ధర్మము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కొండగ్రామమున పనిముట్ల పదునును గూర్చి ప్రదర్శన చేయుటకు వెళ్లితిని. చక్రమును ముందుదినముననే సిద్ధపఱుపవలసియుండెను. ఆ ఉదయము చలి మిక్కుటము. జిగురు పూసినదే తడవుగా పేరుకొనుచుండెను. నాకు తొందర. నీటిగిన్నెను తీసివేసి జిగురుకుండను నేరుగా పొయ్యిమీద పెట్టి తెర్లునట్లు కాచితిని. జిగురు చక్కగ పలుచబడినది. సంతోషించి పూసి, రవలో దొర్లించి, చక్రమును రాత్రియంతయు పొయ్యిచెంత ఆఱబెట్టితిని.

మఱునాడు ఇరువదిమంది రైతుల యెదుట యంత్రమును నడిపి కత్తిని ఆనించితిని. రెండు నిమిషములు గడువకమునుపే అఱచేతియంత పెచ్చు లేచి, నా కండ్లద్దమునకు కొట్టుకొని, గోడకు తగిలి ముక్కలయ్యెను. అద్దము లేకున్న నా కుడికన్ను ఏమైయుండెడిదో చెప్పనక్కఱలేదు. నా వెనుక కొంచెము ప్రక్కగ ఒక పిల్లవాడు నిలిచియుండెను. ఆ సంగతి తలచుకొన్నప్పుడెల్ల నాకు నేటికిని ఒడలు జలదరించును.

అందఱును మౌనముగా నుండగా ఒక వృద్ధురాలు కుండను చూచి, “బాబూ, చలికి కొబ్బరినూనె పేరుకొన్నప్పుడు మేము సీసాను మంటలో పెట్టము, వేడినీళ్లలో పెట్టుదుము. మీరు దీనిని మంటలో నేల పెట్టితిరి?” అని యడిగెను. ఆమె ప్రశ్నలోనే శాస్త్రమంతయు నున్నది. అతివేడిచే జిగురుపోగులు తెగి పొట్టివగును. తెగిన పోగులు చల్లాఱినను మునుపటివలె పెనవేసికొనజాలవు. కాగిన జిగురు పలుచబడుట మంచిగుణముగ నాకు తోచెను; నిజమునకు అది ప్రాణము పోయిన జిగురు. పైగా పొయ్యిచెంత పైపొర త్వరగా ఆఱి బిగిసి, లోపలి తడి లోపలనే నిలిచిపోయెను. ఒక తప్పును దాచుటకు చేసిన రెండవ తప్పది.

ఆనాటినుండి నేను పాటించు సూత్రము ఒక్కటియే: చలిలో జిగురును ఎక్కువగా కాచరాదు, జిగురు తాకు ప్రతి వస్తువును వెచ్చజేయవలెను. ఇక చెప్పబోవునదంతయు ఈ సూత్రమునకు వివరణమే.

4. పూత పూయు క్రమము

ఊరవేయుట. ఎండుజిగురును తూచి, తగినంత చల్లనినీటిలో ఊరవేయవలెను. సన్నని పలుకులైనచో రెండు మూడు గంటలు చాలును. పలకలైనచో రాత్రియంతయు ఊరవలెను. నడుమ గట్టిపలుకు లేకుండ మెత్తబడిన పిమ్మటనే వేడి తగిలింపవలెను. పాళ్లను చేతియందాజున గాక తూనికతోనే నిర్ణయింపవలెను. రవ నంబరు పెరిగినకొలది గింజ సన్నమగును. దానికి తగినట్లు జిగురు తగ్గవలెను. తూనికను బట్టి నూఱు పాళ్లలో:

60 నంబరు రవకు జిగురు 40, నీరు 60.
80 మొదలు 90 నంబరులకు జిగురు 35, నీరు 65.
120 నంబరునకు జిగురు 33, నీరు 67.
180 నంబరునకు జిగురు 25, నీరు 75.
220 నంబరునకు జిగురు 20, నీరు 80.

ముతకగింజకు పనిలో ఎక్కువ లాగుడు తగులును గనుక చిక్కని జిగురు కావలెను. సన్నపొడి చిక్కని జిగురులో మునిగిపోయి ఇనుమును తాకజాలదు గనుక దానికి పలుచని జిగురు కావలెను. చలిలో జిగురు చిక్కబడినదని మరల నీరు పోయువారు కలరు. అది పెద్ద పొరపాటు. చిక్కదనము చలివలన వచ్చినది. దానికి మందు వెచ్చదనమే గాని నీరు కాదు. నీరు పోసినచో ఆఱిన పిమ్మట నిలుచు జిగురు తక్కువగును, పట్టు సడలును.

కాచుట. పెద్దగిన్నెలో నీరు పోసి, ఆ నీటిలో జిగురుగిన్నెను నిలిపి, పొయ్యిని మందముగ మండింపవలెను. జిగురు వేడి 60 డిగ్రీలుండవలెను, 65 దాటరాదు. ఒక ఉష్ణమాపకమును కొనియుంచుకొనుడు. ఒక్క చెడిన పూతకగు ఖర్చుతో పోల్చిన దాని వెల ఎక్కువ కాదు. గిన్నెపై మూత ఉంచవలెను. లేనిచో నీరు ఆవిరియై పాళ్లు తప్పును. ఏనాటి జిగురు ఆనాడే కలుపుకొనవలెను. చలికాలమున మిగిలిన జిగురు ముద్దకట్టి చూచుటకు బాగుగనే యుండును. దానిని నాలుగు దినములు దాచి మరల మరల కరగించుట పొదుపని కొందఱు తలంతురు. కరగించిన ప్రతిమాఱును కొంత బలము పోవును. సూక్ష్మజీవులు చేరి మఱికొంత తినివేయును. చెడువాసన వచ్చినదానిని నిస్సంశయముగ పాఱబోయవలెను.

రవను, చక్రమును వెచ్చజేయుట. చలికాలమున అందఱును మఱచునది ఇదియే. రవను వెడల్పైన ఇనుపపళ్లెములో పోసి 50 డిగ్రీలవఱకు వెచ్చజేయవలెను. చల్లని రవ వెచ్చని జిగురును తాకినతోడనే ప్రతిగింజ చుట్టును జిగురు పేరుకొనును; గింజ అంటినట్లే కనబడునుగాని అంటదు. చక్రమును మధ్యాహ్నము ఎండలో రెండు గంటలుంచిన చాలును. ఎండ లేనిచో, నీరు మరుగుచున్న పాత్ర ప్రక్కన, ఆవిరి తగులనంత దూరమున నుంచవలెను. తోలు అఱచేతికి గోరువెచ్చగ తగులవలెను. కుంచెను సైతము వేడినీటిలో ముంచి పిండి వాడవలెను. పని చేయుచోట తలుపులు మూసి చలిగాలి తగులకుండ చూచుకొనవలెను. కొండలలో ఈ పనికి ఉదయమును విడిచి, మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటలలోపుగ చేసికొనుట ఉత్తమము. ప్రకృతియే ఉచితముగ ఇచ్చు వెచ్చదనమును కాదనుట ఎందులకు?

పూయుట. మొదట రవ లేకుండ పలుచని జిగురుపూత ఒకటి పూసి ఆఱనీయవలెను. తోలురంధ్రములు నిండుటకు ఇది. పిమ్మట రెండవ పూత పూసి, క్షణమైనను ఆలసింపక, వెచ్చని రవలో చక్రమును నొక్కి దొర్లింపవలెను. పూయువాడొకడు, పళ్లెము పట్టువాడొకడు నున్నచో పని చక్కబడును. ఆ పొర ఆఱినపిమ్మట మఱియొక పొర వేయవచ్చును.

ఆఱుట. తొందరపడువారు ఓడిపోవుచోటు ఇది. 27 డిగ్రీల వెచ్చదనమును, సగము తేమయు గల గాలిలో చక్రము ఆఱుటకు 48 గంటలు పట్టును. పొగమంచు పట్టిన కొట్టములో నాలుగు దినములైనను చాలవు. పైగా బూజు పట్టును. పొగమంచుగాలిలో తేమ నిండియుండును గనుక జిగురులోని నీటిని అది త్రాగజాలదు. అదే గాలిని వెచ్చజేసినచో త్రాగగలదు. 8 డిగ్రీల వద్ద తేమతో నిండిన గాలిని 25 డిగ్రీలకు వెచ్చజేసిన యెడల, అది పట్టగల తేమలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే దానిలో నుండును.

దీనికై చవకయైన ఉపాయము ఒకటి కలదు. చక్రము తేలికగ పట్టునంత చెక్కపెట్టె ఒకటి తీసికొని, అడుగుభాగమున ప్రక్కగ కొన్ని రంధ్రములు, పైన కొన్ని రంధ్రములు చేసి, క్రింద 40 వాట్ల పాతరకపు తీగబల్బును అమర్చవలెను. చక్రమును బల్బునకు తగులకుండ పైన వ్రేలాడదీయవలెను. క్రింద చల్లనిగాలి ప్రవేశించి, వెచ్చబడి, తడిని తీసికొని పైరంధ్రములగుండ పోవును. లోపలి వేడి 30 డిగ్రీలు మించకుండ చూచుచుండవలెను. మించినచో తడిజిగురు మరల కరగి జాఱును. కొత్తరకపు ఎల్.ఇ.డి. దీపములు వేడి నీయవు గనుక ఈ పనికి పనికిరావు.

విఱుపు. పూర్తిగ ఆఱిన పూత రాయివలె బిగిసి, వంగనిదై యుండును. గోటితో నొక్కిన ముద్ర పడరాదు. అప్పుడు నున్నని ఇనుపకడ్డీతో చక్రపు ముఖముమీద ఏటవాలుగ ఒకదిక్కునుండియు, తిరిగి రెండవదిక్కునుండియు మెల్లగ కొట్టుచు పోవలెను. పొరలో సన్నని బీటలు వలవలె ఏర్పడును. అప్పుడు పొర ముక్కముక్కగా తోలుతోపాటు వంగును. ఈ విఱుపు చేయనిచో పొర తనంతట తానే విఱిగి పెద్ద పెచ్చుగా లేచును.

5. సిద్ధముగ దొరకు కడ్డీలు

ఇంత శ్రమ పడలేనివారికి జిగురు, నీరు, రవ కలిపి కాగితపుగొట్టములలో మూసిన కడ్డీలు అంగళ్లలో అమ్ముదురు. కొవ్వు లేని మెరుగుకడ్డీ యని వాటిని వ్యవహరింతురు. తిరుగుచున్న గుడ్డచక్రమునకు ఆనించినచో ఒఱపిడివేడికి కడ్డీకొన కరగి చక్రమునకు అంటుకొని, కొంతసేపటికి ఆఱి బిగియును.

చలికాలమున ఈ కడ్డీ గట్టిపడి, కరగుటకు బదులు పొడిగా రాలిపోవును. అప్పుడు ఎక్కువగా అదుముటవలన లాభము లేదు. గొట్టమును నీరు చొరని సంచిలో గట్టిగ మూసి, 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో పదిపదునైదు నిమిషము లుంచవలెను. కొన మాత్రమే మెత్తబడిన చాలును. పిమ్మట యంత్రమును నడిపి, చక్రము పూర్తివేగమునకు వచ్చిన వెనుక ఆపివేసి, వేగము తగ్గుచుండగా కడ్డీని తేలికగ ఆనింపవలెను. ఒక్కమాఱు దట్టముగ పూయుటకంటె, పలుచగ పూసి, ఆఱనిచ్చి, మరల పూయుట మేలు. వేసవిలో నిమిషములలో ఆఱునది చలిలో చాలసేపు తీసికొనును. వ్రేలికి తడి అంటనంతవఱకు వేచియుండవలెను.

వాడిన వెంటనే కడ్డీకొనను గాలి చొరకుండ చుట్టి మూయవలెను. ఎండిన కొనను కోసివేసిన లోపలి భాగము పనికివచ్చును. అంతయు ఎండినది పనికిరాదు. గడ్డకట్టునంతటి చలిలో దానిని బయట విడువరాదు. ఇంటిలోపలి గోడబీరువాయే దానికి తగినచోటు.

6. చక్రముచెంత జాగ్రత్తలు

200 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల చక్రము నిమిషమునకు 1,440 చుట్లు తిరిగినప్పుడు దాని అంచు సెకనుకు 15 మీటర్ల వేగమున పోవును. 2,880 చుట్లు తిరిగినచో 30 మీటర్లు. వేగము రెండింతలైన, పొరను ఊడలాగు బలము నాలుగింతలగును. కావున ఇంటిపనికి 1,440 చుట్ల మోటారే తగినది. కొత్తగా పూసిన చక్రమును మొదటిమాఱు నడుపునప్పుడు దాని ముఖమునకు ఎదురుగ ఎవరును నిలువరాదు. ప్రక్కన నిలిచి రెండు మూడు నిమిషములు ఊరక తిరుగనీయవలెను. పిల్లలను కొట్టములోనికి రానీయరాదు. నా అనుభవమును మరల చెప్పనక్కఱలేదు.

కండ్లద్దములు లేక చక్రముచెంతకు పోరాదు. కత్తియంచు ఎల్లప్పుడును చక్రము తిరుగు దిక్కునకే చూచుచుండవలెను. ఎదురుగ చూపినచో చక్రము కత్తిని లాగి విసరివేయును. చలికాలమున మనము కప్పుకొను దుప్పటి, మెడచుట్టు గుడ్డ చక్రమునకు చిక్కుకొను ప్రమాదము కలదు. వాటిని తీసి దూరముగ పెట్టిన పిమ్మటనే మోటారు మీట నొక్కవలెను.

కత్తి వేడెక్కినచో పదును పోవును గనుక నీటిలో ముంచుచుండవలెను. కాని తడికత్తిని చక్రమునకు ఆనించిన జిగురు మెత్తబడును. కావున ముంచిన ప్రతిమాఱును పొడిగుడ్డతో తుడిచి ఆనింపవలెను. కక్కుకొడవలిని ఈ చక్రమునకు ఆనింపరాదు. పండ్లు అరిగి చెడును. రవకు బదులు ఏటి ఇసుకను వాడరాదు. ఇసుకదుమ్ము ఊపిరితిత్తులలో చేరి మానని వ్యాధిని కలిగించును. ఏ రవ వాడినను ముక్కునకు దుమ్ముతెర కట్టుకొనవలెను.

7. కుంపటి విషయము

అన్నింటికంటె ముఖ్యమైన మాటను ఇప్పుడు చెప్పుచున్నాను. చక్రము ఆఱుటకని బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టి, ఆ గదిలోనే పరుండు అలవాటు కొందఱిలో నున్నది. చక్రమును, మనిషియు ఇద్దఱును వెచ్చగ నుందురని వారి తలంపు. బొగ్గులు కాలునప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగ లేదు. రక్తమునకు ప్రాణవాయువుతో గల సంబంధముకంటె ఈ వాయువుతో రెండువందల రెట్లకు మించిన సంబంధము కలదు. కావున గాలిలో కొంచెమున్నను రక్తమంతయు దానినే పట్టుకొనును. మొదట తలనొప్పి, తలతిరుగుడు, వాంతి వచ్చినట్లుండుట. నిద్రించువానికి అవియును తెలియవు. నిద్రలోనే ప్రాణము పోవును.

పొయ్యిగాని కుంపటిగాని మండుచున్నంతసేపు గాలి వచ్చుటకొకటి, పోవుటకొకటి, రెండు తావులు తెఱచియుండవలెను. రాత్రివేళ కుంపటిని గదిలో ఉంచనే రాదు. గదిలోనివారికి తలనొప్పి తోచినచో వెంటనే బయటికి తెచ్చి, తెలివి తప్పినచో 108కి కబురుచేయవలెను. కొడవలికి పదును పెట్టబోయి ప్రాణము పోగొట్టుకొన్న యింటికి ఏ పంటయు ఓదార్పు కాదు.

8. ఎవరికి కావలెను, ఎవరికి అక్కఱలేదు?

ఒక కత్తి, రెండు కొడవళ్లు గల కుటుంబమునకు ఈ యంత్రమంతయు అక్కఱలేదు. తడిసానరాయి చాలును; దానికి చలి లేదు, ఎండ లేదు. ఓపికతో నూఱిన పదును ఏ చక్రము ఇచ్చిన పదునునకును తీసిపోదు. కాని తుప్పుపట్టిన పనిముట్లు అనేకము గలవారికి, కొమ్మకత్తెరలు పదుల సంఖ్యలో వాడువారికి జిగురుసానవలన శ్రమయు కాలమును కలిసివచ్చును. చక్రమునకు రెండు దినముల ఆఱుదల కావలెను గనుక, రెండు మూడు చక్రములుండి ఒకటి పనిలో నుండగా మఱియొకటి ఆఱుచుండుట మంచిది. ఇది ఒక్క యింటికి భారము, పదియిండ్లకు తేలిక. ఒక వాడలోని సభ్యులు కలిసి ఒక మోటారును, నాలుగు చక్రములను, ఒక ఆఱుపెట్టెను ఉమ్మడిగ ఉంచుకొనినచో ఖర్చు పంచబడును, నేర్పును పంచబడును. మన సహకార పద్ధతికి ఇంతకంటె తగిన పని ఏమున్నది?

అన్నిటికంటె ముందుచూపు మేలు. కోతకు కొడవలి కావలసిన దినమున చక్రము పూయబూనుట, ఆకలివేసిన పిదప విత్తనము చల్లుటవంటిది. ఆశ్వయుజమాసపు ఎండలలోనే చక్రములను పూసి, ఆఱబెట్టి, తేమ తగులని పెట్టెలో దాచుకొనినవానికి పుష్యమాసపు చలితో పేచీయే లేదు. ఆ యదను తప్పినవారు మాత్రము కొబ్బరినూనె సీసాను గూర్చి ఆ వృద్ధురాలు చెప్పిన మాటను మనస్సునందుంచుకొందురు గాక. సందేహములు గల సభ్యులు తమ చక్రములను, మిగిలిన జిగురును తీసికొని సంఘకార్యాలయమునకు వచ్చినచో, చూచి చెప్పుటకు సిద్ధముగ నున్నాను.